టీవీకి వీపు పెట్టి

కుట్టుమిషను కింద మోకాళ్ళ మీద వంగి, దారం కట్టిన అయస్కాంతాన్ని గది ఈ మూల నుంచి ఆ మూలకి నడిపిస్తోంది మరదలు. రాలిన గుండుసూదులు ఒకదాని వెనక ఒకటి గెంతుకుంటూ వచ్చి దానికి అతుక్కుంటున్నాయి. పగలంతా ఆ ముందుగదిలోనే ఆమె పని. పొడుగు ప్యాంట్లకి అంచులు మడిచి కుడుతుంది, జిప్పులు మారుస్తుంది, లావెక్కినవాళ్ళ చొక్కాలు విప్పి వదులు చేస్తుంది, చిక్కినవాళ్ళవి బిగిస్తుంది. ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసినా సూదులు రాలకుండా ఉండవు. సాయంత్రం అక్కడే చాప వేసుకుని టీవీ చూడాలి గనక ఈ ఏరుడు తప్పదు.

ఏరడం అయింది. చాప పరిచింది. టీవీ పెట్టింది. ‘మూడో అంతస్తు’ సీరియల్ పాట మొదలైంది. వంటింట్లో గిన్నెల చప్పుడు మాత్రం ఆగలేదు.

గిన్నెలు కడుగుతున్నది వదిన, అంటే మరదలి మొగుడికి అక్క. ఆమెకి చెవులు వినపడవు. అయినా పాట మొదలయ్యే వేళ ఆమె ఒంటికే తెలిసిపోయేది. ఒకప్పుడైతే ఈపాటికి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, చాప నడిమధ్యన బాసింపట్టు వేసుకుని కూచుని, "జరుగు పిల్లా, కొండలా అడ్డం కూచున్నావు" అనేది.

మరదలు వెళ్ళి వంటింటి గుమ్మంలో ఆమెకి ఎదురుగా నిలబడింది. గొంతు లేకుండా, పెదాలతో మాత్రమే అంది.

"మొదలైంది."

"నువ్వు చూడు," అంది వదిన, అదీ పెదాలతోనే. "నాకు గిన్నెలున్నాయి."

గిన్నెలు ఎప్పుడో అయిపోయాయి. కడిగినవే మళ్ళీ కడుగుతోంది.

వదిన చిన్నతనంలోనే మరమగ్గాల మిల్లులో చేరింది. షెడ్డు నిండా మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు గొంతు మూట కట్టి ఇంట్లో పెట్టి వచ్చేవాళ్ళు. మాట సాగదీసి, నోరు బార్లా తెరిచి, మొహమంతా కదిపి పెదాలతో మాట్లాడుకునేవాళ్ళు. షెడ్డు ఈ చివర మగ్గం మీదున్న మనిషి ఆ చివర మనిషితో కలిసి మేస్త్రీని తిట్టుకోవచ్చు, మేస్త్రీ ఇద్దరికీ మధ్య నిలబడి ఉండగానే. అలా ఏళ్ళూ పూళ్ళూ గడిచేసరికి ఆ చప్పుడు ఆమె చెవుల్ని కొంచెం కొంచెంగా కొరుక్కుతిని చివరికి మొత్తం మింగేసింది. మిల్లు మూతపడేనాటికి వినికిడి పోయింది, చూపు మిగిలింది. ఆ చూపు వెంటబెట్టుకుని తమ్ముడింటికి వచ్చింది.

తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. మంచివాడు, అక్కంటే ప్రాణం పెడతాడు. కాకపోతే గుబురు మీసం. అది పైపెదవిని దాటి కిందపెదవి మీదికి కూడా వాలి ఉంటుంది. "వీడు మాట్లాడితే గడ్డివామి కదిలినట్టుంటుంది. లోపల ఉన్నది మాటో ఎలకో తెలిసి చావదు" అనేది వదిన. మీసం తగ్గించమని పెళ్ళాం అడిగితే, "మీసం లేకపోతే లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి నామీద నమ్మకం కుదరదు" అని తప్పించుకున్నాడు. దాంతో ఆ ఇంట్లో వదినకి మాటకి దొరికింది మరదలొక్కతే.

పెళ్ళయి వచ్చిన కొత్తలో మరదలు ఆమెని మర్యాదగా ‘మీరు’ అనేది.

"ఆ మాట అనకే," అంది వదిన ఒకరోజు. "పెదాల మీద ‘మీరు’కీ ‘బీరు’కీ తేడా ఉండదు. పొద్దున్నే లేచి, బీరు లేచారా, బీరు తిన్నారా, బీరు పడుకోండి అంటుంటే నేనేమైపోవాలి? నువ్వు అను, చాలు."

కొత్తకోడలు ఆ ఇంట్లో మొదటిసారి పైకి నవ్వింది అప్పుడే. ఆమెకి గొంతెత్తి మాట్లాడటమంటే చిన్నప్పట్నుంచీ బెదురు. నలుగురిలో నోరు తెరవబోతే మాట గొంతులోనే ముడిపడిపోయేది. అసలు గొంతే అక్కర్లేని మనిషి దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది. నెల తిరక్కుండా పెదాల మాట నేర్చేసుకుంది. ఇద్దరాడవాళ్ళున్న ఇంట్లో కిక్కురుమనే చప్పుడు లేదేంటని ఇరుగుపొరుగువాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. లోపల మాత్రం పొద్దస్తమానం మాటలే.

ఆ రోజుల్లోనే మొదలైంది ‘మూడో అంతస్తు’.

పెద్ద కథేం కాదు. ఒక పాత మేడ. లిఫ్టు పనిచెయ్యదు. మూడో అంతస్తులో పెద్దక్కా ఆమె చెల్లెలూ ఉంటారు. కింద అంతస్తులో కళ్ళజోడాయన ఉంటాడు, కుళాయిలు బాగుచేస్తాడు. పెద్దక్క ఇంట్లో కుళాయి ఎప్పుడూ కారుతుంటుంది. ఆయన పానాలు పట్టుకుని మెట్లెక్కి వస్తాడు, బిగిస్తాడు, దిగిపోతాడు. వారం తిరిగేసరికి మళ్ళీ కారుతుంది. ఆ మధ్యలో మేడలోవాళ్ళ కోపాలూ తాపాలూ, బట్టల తాడు దగ్గర తగువులూ, మెట్ల మీద పలకరింపులూ. అంతే. ఒకసారి కరెంటు పోయింది. పెద్దక్క కొవ్వొత్తి పట్టుకుంటే ఆయన పని ముగించి, "ఈ వాషరు చాన్నాళ్ళొస్తుంది" అన్నాడు. పెద్దక్క కొవ్వొత్తి ఇంకా అలాగే పట్టుకుని, "రాకపోయినా పర్లేదు" అంది. ఆ ఒక్క మాటకి వదిన భోజనం మానేసి కూచుంది. ఆకలి వెయ్యట్లేదట, కడుపు నిండిపోయిందట. తర్వాత చాలారోజులు ఇంట్లో ఏ వస్తువు చెడినా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, "రాకపోయినా పర్లేదు" అనుకుని నవ్వుకునేవాళ్ళు.

పెద్దక్క వేషం వేసినామె మాట్లాడితే ప్రతి మాటా పెదాల మీద అచ్చు గుద్దినట్టు కనిపించేది. మాట్లాడనప్పుడు మొహమే చెప్పేది. వదినకి ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని ఉండేది కాదు. పైగా ఆమెకే ఎక్కువ తెలిసేది. వెనకాల మెట్ల మీద ఊరికే నిలబడేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళ గుసగుసలు టీవీలోంచి బయటికి రావు. కానీ వదినకి కనపడేవి.

"ఏమంటున్నారు వదినా ఆ వెనకాలవాళ్ళు?" అని మరదలు ఆమె మోకాలు తట్టి అడిగేది.

"ఆ బక్కపల్చని ముసలామె లేదూ, చివరి బస్సు దొరుకుతుందో లేదో అంటోంది. రెండో ఆవిడ, పోయినసారి కాళ్ళు లాగేలా నడిచాను అంటోంది. పాపం, కథలో వాళ్ళు తగువు పడుతున్నారట, వీళ్ళ బెంగ బస్సు."

తమ్ముడు కూడా వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడి, "అక్కేమంటోంది? నాక్కూడా చెప్పు" అని పెళ్ళాన్ని బతిమాలేవాడు. రోజంతా ఏది కావాలన్నా ఒకరిని చెప్పమని అడిగే మనిషి, ఆ అరగంటా అందరికీ చెప్పే మనిషి అయ్యేది.

అలాంటి సీరియల్ పాలు విరిగినట్టు ఒక్క పొంగులో విరగలేదు. పాత గోడ చెమ్మ పట్టినట్టు చెడింది. రాసే ఆయన మానుకున్నాడని దారాల కొట్టాయన చెప్పాడు. ముందు కళ్ళజోడాయన ఊరెళ్ళి కొత్త మొహంతో తిరిగొచ్చాడు. మేడలోవాళ్ళెవరూ ఇదేంటని కూడా అడగలేదు. తర్వాత పెద్దక్కకి కవల పుట్టుకొచ్చింది. చెల్లెలు గతం మర్చిపోయింది, అదీ రెండుసార్లు. మెడలో వజ్రాల హారంతో ఒకావిడ దిగి, మేడ నాదంటూ పాలల్లో విషం కలపడం మొదలుపెట్టింది. ఎవరేమన్నా ఢమాలున సంగీతం మోగి, గదిలో ఉన్న మొహాలన్నీ మూడేసిసార్లు దగ్గరికొచ్చేవి.

"మూడో అంతస్తని ఎందుకు పెట్టారో నాకిప్పటికి తెలిసింది," అన్నాడు తమ్ముడు. "మొహానికి మూడు."

మరదలు విసుక్కుంటూనే చూసింది. మళ్ళీ బాగుపడుతుందని ఆశ. వదిన కూడా ఓపిక పట్టింది. "ఇంట్లో మనిషికి జబ్బు చేస్తే వదిలేసి పోతామా" అంది. కానీ ఒకరోజు పెద్దక్క, చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. కన్నతల్లిలా పెంచానే, ఇలా చేశావేంటే అని ఆ గొంతు వణికిపోతుంటే మరదలికి కూడా కళ్ళు చెమర్చాయి. పక్కకి తిరిగి చూస్తే వదిన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమైంది వదినా?"

"లెక్కపెడుతోంది."

"ఎవరు?"

"పెద్దక్క. పదమూడు, పధ్నాలుగు, పదిహేను. ఏడుస్తూ లెక్కపెడుతోంది పిల్లా. అదిగో, పదహారు."

మరదలు నమ్మలేదు. కానీ అంకెల దగ్గర వదిన చూపు పొరబడదు. మిల్లులో పని దిగేముందు నూలు కండెల లెక్క పెదాలతోనే అప్పజెప్పేవాళ్ళు. కూలి దాన్నిబట్టే. తమ్ముడిని అడిగితే, రికార్డింగు స్టూడియో ఉన్న బిల్డింగులో లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్ళొచ్చిన మనిషి గనక తేలిగ్గా చెప్పేశాడు.

"ఇప్పుడంతా అంతేనంట. రోజుకో భాగం తీసి పారెయ్యాలి, డైలాగు బట్టీపట్టే తీరికెవరికుంది? నోరాడించడానికి అంకెలు చెప్తారు. మాటలు తర్వాత లోపలెవరో కూచుని చెప్తారు. చెవులున్నోళ్ళకి తేడా ఏం తెలుస్తుంది?"

తెలిసింది చెవుల్లేని మనిషికి. ఆ తర్వాత వదినకి టీవీలో అంకెలు తప్ప ఏమీ కనపడలేదు. ప్రేమగా చూసినా అంకెలే, శాపం పెట్టినా అంకెలే. "ఇవాళ వందదాకా పోయి మళ్ళీ ఒకటికొచ్చింది. ఆమెకీ విసుగొచ్చినట్టుంది" అనేది. రెండురోజులకోసారి చాప మీదికి వచ్చేది. తర్వాత అదీ లేదు.

అలాంటప్పుడు వచ్చింది పక్కమగ్గం.

ఆమె పేరు వేరే ఏదో ఉంది. కానీ మిల్లులో వదిన మగ్గానికి పక్క మగ్గం ఆమెది. వదిన ఎప్పుడూ అలాగే పిలిచింది. మిల్లు పోయినా మిల్లువాళ్ళ ఇళ్ళలోనే ఒక గది పట్టుకుని ఒంటరిగా ఉంటోంది. ఆ రోజు ఇద్దరూ ఎదురెదురుగా కూచుని మాట్లాడుకుంటుంటే మరదలు టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇన్నేళ్ళుగా వదినతో మాట్లాడుతున్నా ఆ వేగం ఆమె ఎరగదు. పెదాలూ కనుబొమ్మలూ బుగ్గలూ అన్నీ ఒకేసారి ఆడుతున్నాయి. ఒకామె మాట ముగియకముందే రెండో ఆమె అందుకుంటోంది. సగం కూడా అర్థం కాలేదు. తన ఇంట్లో తనకే చెవుల్లేనట్టయింది మరదలికి. వదిన ఇన్నాళ్ళూ తనకోసం మెల్లగా మాట్లాడుతోందని అప్పుడు తెలిసింది.

"ఒక్కదాన్నే గోడలతో వాగుతున్నాను," అంది పక్కమగ్గం, మరదలి వైపు కూడా చూసి, నింపాదిగా. "గోడలకి పెదాలుండవుగా. మీ వదిన్ని నాకిచ్చెయ్యి అమ్మాయ్."

"సీరియల్ అయిపోనీ, వస్తా," అంది వదిన.

"అదెప్పుడవుతుందే? మనిద్దరం మట్టిలో కలిసినా అది నడుస్తూనే ఉంటుంది."

పక్కమగ్గం పగలబడి నవ్వింది. మరదలూ నవ్వింది. వదిన మాత్రం నవ్వలేదు. ఆర్పేసి ఉన్న టీవీ వంక ఒకసారి చూసి, టీ అందుకుంది. ఆ చూపుతో మరదలికి సంగతి తెలిసిపోయింది. వదిన దృష్టిలో ఆ సీరియల్ అప్పటికే అయిపోయింది. ఇక వదినని ఈ ఇంటికి కట్టిపడేసే తాడేదీ లేదు.

అందుకే ఈ సాయంత్రం వంటింటి గుమ్మంలోంచి మరదలు ఊరికే వెనక్కి రాలేదు. లోపలికెళ్ళి వదిన చేతిలో గిన్నె లాక్కుని, ఆ తడిచెయ్యి పట్టుకుని చాప దాకా నడిపించింది. ఆమెని టీవీకి ఎదురుగా కూచోబెట్టి, తను టీవీకి వీపు పెట్టి ఆమెకి ఎదురుగా కూచుంది.

"అంకెలు చెప్తే చెప్పుకోనీ. వాళ్ళేమంటున్నారో నేను విని నీకు చెప్తా. నువ్వు బొమ్మ చూడు, నన్ను చూడు."

"మెడ పట్టేస్తుందే నీకు."

"నాకెందుకు పట్టేస్తుంది? వెనక్కి తిరిగేదే లేదుగా."

మొదట్లో విన్నది విన్నట్టు చెప్పింది. నీ వంశాన్ని నాశనం చేస్తా, నువ్వు నా రక్తం కాదు, ఈ చక్రం తిప్పేది నేను. అలాంటివి పెదాలతో అనడానికి ఆమెకే సిగ్గేసింది. గొంతూ సంగీతమూ తీసేస్తే ఆ మాటలు ఈకలు పీకిన కోడిలా ఉన్నాయి. వదిన మర్యాదకి తల ఊపింది, ఆవలించింది. ఒకరోజు మరదలు ఒక మాట మార్చింది. మర్నాడు ఒక వాక్యం. ఎలాగూ పెదాలు కలిసేది లేదు, అక్కడున్నవి అంకెలు. తనకి నచ్చిన మాట పెట్టినా కాదనేవాళ్ళెవరు?

హారం ఆవిడ విషమని కేకలేస్తుంటే, మరదలి పెదాల మీద ఆమె ఇలా అంది. "ఈ మేడలో అందరూ మెట్ల మీద నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. నేనొస్తే ఆపేస్తారు. ఎందుకాపుతారు?"

వదిన ముందుకి వంగింది. "అదా సంగతి. అందుకా అలా కళ్ళెర్రజేస్తోంది."

"ఎలా పలకరించాలో ఆమెకి తెలీదు వదినా. అందుకే అరుస్తుంది."

ఇక ఆ మేడంతా మరదలి చేతిలోకొచ్చింది. మాటలకి కరువు రాలేదు. పగలంతా ఆమె దగ్గరికి మనుషులు వస్తూనే ఉంటారు. చనిపోయిన అన్న కోటు తనకి సరిపోయేలా చెయ్యమని ఒకాయన తెచ్చి, కొలతలన్నీ ఇచ్చాక, "చేతులు మాత్రం పొడుగ్గానే వదిలెయ్యమ్మా, మా అన్న చేతులు పొడుగు" అన్నాడు. ఆ మాట సాయంత్రానికి కళ్ళజోడాయన నోట్లోకి వెళ్ళింది. మిషను తొక్కుతూనే పెదాలు కదుపుకుంటూ మాటలు కూర్చుకునేది. నలుగురిలో నోరు పెగలని మనిషి, టీవీకి వీపు పెట్టి కూచుంటే మేడెడు మందికి మాటలిచ్చింది. వదిన మళ్ళీ పాట వేళకి తడిచేతులతో వచ్చి కూచోవడం మొదలుపెట్టింది.

"లోపల హత్య జరుగుతుంటే మీరిద్దరూ ఆ ముసిముసి నవ్వులేంటి?" అన్నాడు తమ్ముడు గదిలోంచి. "వినడానికి నాకే భయమేస్తోంది."

వదిన చూపు బొమ్మ మీద కంటే తన పెదాల మీదే ఎక్కువ నిలుస్తోందని మరదలు గమనించింది. గమనించి మురిసిపోయింది కూడా.

అంతలో ఒకరోజు మధ్యాహ్నం తమ్ముడికి ఫోనొచ్చింది. పక్కమగ్గం ఎవరిచేతనో చేయించింది. తన పక్క గది ఖాళీ అయిందట. ఎవరికీ ఇవ్వకుండా ఆపి ఉంచిందట. వస్తుందో రాదో త్వరగా చెప్పమందట. "అక్కకి నువ్వే చెప్పు, నా మాట ఆమెకి అర్థమై చావదు" అని పెళ్ళానికి అప్పజెప్పి పనిలోకి పోయాడు.

సాయంత్రం చెబుదామనుకుంది మరదలు. సాయంత్రం వదిన నవ్వుతూ ఉంది, పాడుచెయ్యడం ఎందుకని ఊరుకుంది. మర్నాడు చొక్కాల పని ఎక్కువైంది. ఆ మర్నాడు ఏ పనీ ఎక్కువ కాలేదు, అయినా చెప్పలేదు. మాట మాత్రం నోట్లో నలుగుతూనే ఉంది, మింగనూ లేక కక్కనూ లేక.

ఆ సాయంత్రం వీపు వెనక టీవీలో ఢమాలు చప్పుళ్ళు ఆగిపోయి, సన్నగా ఫిడేలు మొదలైంది. ఎవరో ఎవరినో వదిలి వెళ్ళేటప్పుడు వాయించే వాయింపు. పెద్దక్కా చెల్లెలూ విడిపోతున్నారు కాబోలు అనుకుంది మరదలు. చెల్లెలి మాట ఎత్తుకుంది.

"వెళ్ళకక్కా. గది ఖాళీ అయితే కానీ. ఇంకెవరో ఒకరు దిగుతారు. నువ్వు పోతే నేనెవరితో మాట్లాడాలి? నాకు గొంతు పెగలదని నీకు తెలీదా? నీతో మాట్లాడినన్ని మాటలు నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరితో మాట్లాడాను? రోజంతా సూదీ దారం. సాయంత్రమైతే నువ్వొచ్చి కూచుంటావని ఆ పని చేస్తాను. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నా మాట చూసేవాళ్ళెవరు?"

చెప్పుకుంటూ పోతోంది. వదిన చూపు మరదలి పెదాల మీంచి లేచి టీవీ మీదికి పోయింది. మళ్ళీ పెదాల మీదికొచ్చింది. మళ్ళీ టీవీ మీదికి. ఉన్నట్టుండి వదిన నవ్వడం మొదలుపెట్టింది. చాలాకాలంగా ఆ ఇంట్లో వినపడని, అదుపు లేని పెద్ద నవ్వు. తమ్ముడు కంగారుగా గదిలోంచి బయటికొచ్చాడు.

"వెనక్కి చూడవే పిల్లా," అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ.

మరదలు తిరిగి చూసింది. తెర నిండా ఒక కారు. కొండ మీంచి దొర్లి, లోయలో పడి, భగభగ మండుతోంది. చుట్టుపక్కల పురుగు కూడా లేదు.

"కారు తగలబడుతోంది. లోపలెవరూ లేరు, బయటెవరూ లేరు. ఎవరు ఎవరితో అంటున్నారే ఇదంతా? టైరు స్టీరింగుతో అంటోందా?"

మరదలు మళ్ళీ వదిన వైపు తిరిగేసరికి ఆ మొహంలో నవ్వు తగ్గిపోయి ఉంది.

"ఏ గది ఖాళీ అయింది?" అంది వదిన.

చెప్పక తప్పలేదు. పక్కమగ్గం ఫోను సంగతీ, తను దాచిన సంగతీ, అన్నీ చెప్పింది. వదినకి కోపం రాలేదు. చెయ్యి చాపి టీవీ ఆర్పేసింది.

"నీ కథ బాగుంది," అంది. "ఆ హారం ఆవిడంటే నాకిష్టం కూడా కలిగింది. వాళ్ళెవరూ రాయలేరు అలాగ."

"ఇంకా చెప్తాను వదినా. రోజూ చెప్తాను."

"చెప్తావు, నాకు తెలుసు. నా కళ్ళు మూతపడేదాకా చెప్తావు. మెడ పట్టేసినా చెప్తావు. కానీ అప్పట్లో పెద్దక్క మాట్లాడితే నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది పిల్లా. వెనకాలవాళ్ళు ఏమంటున్నారని నువ్వే నా మోకాలు తట్టి అడిగేదానివి. నాకు పోయింది అది. నువ్వెంత కమ్మగా చెప్పినా, చెప్పించుకోవడమేగా."

"రాసే ఆయన తిరిగొస్తాడంటున్నారు. మళ్ళీ ముందులా అవుతుందేమో."

"వస్తే నువ్వు చూడు. నాకు ఆ కొవ్వొత్తి పట్టుకున్న పెద్దక్క చాలు. అక్కడ పక్కమగ్గం నాకు చెప్పాల్సిన పని లేదు, నేను దానికి చెప్పాల్సిన పని లేదు. ఇద్దరం ఒకేసారి వాగుతాం. నాకలా వాగాలనుందే."

మరదలు చాప అంచుని ప్యాంటు అంచులా మడిచి, మళ్ళీ విప్పింది.

ఇదంతా గుమ్మంలోంచి చూస్తున్న తమ్ముడికి మాటలు అందలేదు గానీ విషయం అందింది. వచ్చి అక్క ఎదురుగా గొంతుక్కూచున్నాడు. రెండు వేళ్ళతో మీసం పైకెత్తి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి అతని పైపెదవి బయటపడింది, ఎండ తగలని చోటులా తెల్లగా.

"ఉండిపో అక్కా," అన్నాడు.

వదిన తమ్ముడి మొహాన్ని చాలాసేపు చూసింది. "ఇంట్లో ఇన్ని కత్తెరలు పెట్టుకుని," అంది చివరికి, "ఇప్పుడా నీకు బుద్ధి పుట్టింది?" అని అతని చెంప మీద మెత్తగా ఒకటి వేసింది. ఉంటానని మాత్రం అనలేదు.

వారంలోనే ప్రయాణం కుదిరింది. బట్టల పెట్టె తమ్ముడు తెల్లారగానే బస్సు స్టాండుకి చేరవేసి, అక్కని తీసుకెళ్ళడానికి తిరిగొచ్చి వీధిలో నిలబడ్డాడు. మరదలు మిషను ముందు కూచుని ఒక ప్యాంటు అంచు కుడుతోంది. ఆ ప్యాంటు మనిషి సాయంత్రానికి గానీ రాడు. తొందరేం లేదు, అయినా కుడుతోంది.

వదిన లోపల్నుంచి వచ్చింది. చేతిసంచి జిప్పు వేసి ఉందో లేదో చూసుకుంది. కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా గొళ్ళెం పెట్టింది. చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంది. గదిలో ఉన్నవన్నీ చూసింది, మరదలి మొహం ఒక్కటి తప్ప. ఆ మొహం చూస్తే అది ఏదో ఒకటి అంటుంది. చూడకపోతే ఏమన్నా వినపడనట్టే.

మరదలు మిషను ఆపింది. వెనక నుంచి పిలిచి లాభం లేదు. లేచి నాలుగడుగులు వేసి గుమ్మానికి అడ్డం నిలబడితే చాలు, ఏమన్నా చేరుతుంది. అన్నీ చేరతాయి. లేవడానికి కుర్చీ వెనక్కి జరిపింది కూడా. కానీ లేవలేదు.

వదిన గడప దాటింది. మెట్ల మీద ఒక్క క్షణం ఆగి, సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, తమ్ముడి పక్కన నడుస్తూ వీధిలోకి వెళ్ళిపోయింది.